కొత్త అమావాస్య రాత్రి మా మామిడి తోటలో దీపం పెట్టాం: నా అనుభవం

ఈ ఉగాదికి ఊరికి వెళ్తూ నేను పట్టుకెళ్ళినవి రెండు మెర్క్యురీ బల్బులు, ఇరవై మీటర్ల వైరు, ఒక ఖాళీ పెయింటు బకెట్టు. బట్టల సంచి సీటు కిందకి తోసేసి, బల్బుల అట్టపెట్టెని మాత్రం విశాఖపట్నం నుంచి సాలూరు దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. అది 2025 మార్చి 28, శుక్రవారం. మర్నాడు కొత్త అమావాస్య, ఆ పై రోజు ఉగాది. అనకాపల్లిలో నూకాలమ్మ జాతరని మా ఆఫీసులో సగంమంది అప్పటికే సెలవు పెట్టేశారు. నేనూ పెట్టాను. కారణం అడిగితే పండగ అన్నాను గానీ, అసలు సంగతి దీపం దగ్గరికి వచ్చే పురుగుల్ని రాసుకోవడం.

మాత్‌లంటే నాకు రెండేళ్ళుగా ఇష్టం. ఇవి సీతాకోకచిలుకల్లా ఉండి ఎక్కువగా రాత్రిపూట ఎగిరే పురుగులు, పుస్తకాల్లో వీటిని చిమ్మటలు అని రాస్తారు. మా అమ్మకి చిమ్మట అంటే బీరువాలో పట్టుచీరలు కొట్టేదే. మా ఊళ్ళో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, దీపం పురుగులు. ఇన్నాళ్ళూ వీధి లైట్ల కింద, అపార్టుమెంటు మెట్ల దగ్గర కనపడినవాటిని ఫొటో తీసి జీవుల ఫొటోలు పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్పే ఐనాచురలిస్ట్ అనే సైట్‌లో పెట్టడమే నా పని. కానీ అలా దొరికిందల్లా ఫొటో తీస్తే, ఒకచోట ఏమున్నాయో, ఎన్ని ఉన్నాయో చెప్పలేం. ఒక చోటు, ఒక రాత్రి, ఒక దీపం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ రకం ఎన్ని వచ్చాయి, చందమామ ఉందా, గాలి ఉందా, ఇవన్నీ ఉంటేనే అది రికార్డు. సాలూరు దగ్గర కొండల కింద మా నాన్నకి మామిడి తోట ఉంది. పక్కనే మొక్కజొన్న, కాస్త పైకి జీడి తోటలు. అడవిలోకి వెళ్ళి దీపం పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. సొంత తోటే కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అమావాస్యే ఎందుకంటే వెన్నెల రాత్రి దీపానికి బలం ఉండదు. నేను మాటల్లో విన్నదే ఇది. తర్వాత పౌర్ణమికి కళ్ళారా చూశాను, అది చివర్లో చెప్తాను.

సామాను కూడబెట్టడానికి ఐదు వారాలు పట్టింది. ఫిబ్రవరి 20 ప్రాంతంలో 160 వాట్ల మెర్క్యురీ బల్బు కోసం తిరగడం మొదలుపెట్టాను. దీనికి చోకు అక్కర్లేదు, మామూలు కరెంటుకి నేరుగా తగిలించవచ్చు. ఒకప్పుడు వీధి దీపాలకి, పెళ్ళి పందిళ్ళకి మెర్క్యురీ దీపాలే. ఇప్పుడు అంతా ఎల్‌ఈడీ అయిపోయి, మూడు షాపుల్లో ‘అవి రావట్లేదమ్మా’ అన్నారు. నాలుగో షాపాయన నిచ్చెన వేసుకుని పై అరలోంచి దుమ్ము పట్టిన రెండు బల్బులు తీశాడు. ఒకటి చాలనుకున్నాను గానీ, పగిలితే మళ్ళీ దొరకదని రెండూ కొన్నాను, ఒక్కోటి 420. యూవీ, అంటే అతినీలలోహిత కాంతినిచ్చే ఎల్‌ఈడీ పట్టీ ఆన్‌లైన్‌లో 650 రూపాయలకి మార్చి 3న ఆర్డరిచ్చాను. 11న వచ్చింది, వెలగలేదు. తిరిగి పంపి, ఇంకోటి వచ్చేసరికి మార్చి 20. ఆ తొమ్మిది రోజులూ టెన్షనే, ఎందుకంటే అమావాస్య నా కోసం ఆగదు కదా. వైరు 700, బకెట్టు 80, పెద్ద గరాటు 70, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రేకు 150, కళ్ళకి యూవీ అద్దాలు 180. గుడ్ల అట్టలు మాత్రం వీధి చివర కిరాణా కొట్టులో ఊరికే ఇచ్చారు. బకెట్టు మూతకి గరాటు బిగించి, దాని పైన మూడు ప్లాస్టిక్ రేకు ముక్కలు నిలబెట్టి, మధ్యలో యూవీ పట్టీ చుట్టాను. వెలుగు చుట్టూ తిరిగే పురుగు రేకుకి తగిలి, గరాటులోంచి జారి, లోపల గుడ్ల అట్టల గుంటల్లో సర్దుకుని కూర్చుంటుంది. పొద్దున అట్టలు ఒక్కొక్కటే తీసి, చూసి, వదిలేయాలి. ఏదీ చావకూడదు, అది నేను పెట్టుకున్న నియమం.

28 సాయంత్రం ఇంటికి చేరేసరికి ఐదున్నర. వెలుగుకి వచ్చిన పురుగులు వాలేలా బల్బు దగ్గర గుడ్డ కట్టాలి, దానికి తెల్ల దుప్పటి కావాలంటే అమ్మ కొత్తది ఇవ్వనంది. నాన్న తన పాత పంచె తెచ్చి ఇచ్చాడు. రెండు మామిడి చెట్ల మధ్య కొబ్బరి తాడు కట్టి, పంచె ఆరేసినట్టు వేసి, కింద అంచు నేల మీద మూరెడు పరిచి రాళ్ళు పెట్టాం. మోటారు షెడ్డు నుంచి వైరు లాగి బల్బు వేలాడదీశాను. ఏడింటికి వెలిగించాం.

ఏడూ యాభైకి కాలిన వాసన. ఇంట్లో వాడే మామూలు ప్లాస్టిక్ హోల్డరు ఆ వేడికి మెత్తబడి ఒక పక్కకి వంగిపోయింది. నాన్న పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. బల్బు కిందపడలేదు, అదే అదృష్టం. ఆ రాత్రికి గుడ్డ పని అయిపోయినట్టే. బకెట్టు ఒక్కటే పవర్ బ్యాంకు మీద వెలిగించి పడుకున్నాం. పొద్దున ఐదింటికి మూత తీస్తే లోపల చీమలు. గుడ్ల అట్ట నిండా రెక్కలు మాత్రమే మిగిలాయి. నా దీపాన్ని నమ్మి వచ్చినవి అవి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి, పాలకుండ చూపించింది. దానికి చీమ పట్టకుండా చేసే పనే దీనికీ చెయ్యమంది. నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెం, మధ్యలో ఇటుక, ఇటుక మీద బకెట్టు. తర్వాత రాత్రుల్లో ఒక్క చీమ ఎక్కలేదు.

29 ఉదయం సాలూరు వెళ్ళి పింగాణీ హోల్డరు కొన్నాను, 60 రూపాయలు. దాంతో మొత్తం ఖర్చు 2,730కి చేరింది. మొదటే ఆ అరవై పెట్టి ఉంటే ఒక రాత్రి మిగిలేది.

ఆ సాయంత్రం సూర్యాస్తమయం ఆరుంపావు లోపే అయిపోయింది. ఆరున్నరకి వెలిగించాను. గాలి లేదు. ఫోన్‌లో 27 డిగ్రీలు చూపించింది. మామిడికాయలు నిమ్మకాయలంత ఉన్నాయి, చెట్ల కింద పిందె వాసన. లెక్క రాసే పని మా అన్నయ్య కొడుక్కి అప్పజెప్పాను. వాడికి పదేళ్ళు. ‘అత్తా, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం, అంతే కదా’ అని నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని పీట వేసుకుని కూర్చున్నాడు. లెక్క ఎలా పెట్టాలో ముందే అనుకున్నాం. ప్రతి అరగంటకీ గుడ్డ మీద ఉన్నవి రకాలవారీగా లెక్కపెట్టాలి. ఒక్కో రకానికి అన్ని అరగంటల్లోనూ ఏది ఎక్కువొస్తే అదే చివరి లెక్క. లేకపోతే కదలకుండా కూర్చున్న ఒకే పురుగుని పదిసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

మొదటి ఇరవై నిమిషాలు దోమలే. దోమలకి మందు రాసుకున్న చేత్తో మాత్‌ని ముట్టుకోకూడదు కాబట్టి, నిండు చేతుల చొక్కా, సాక్సులు వేసుకుని ఓర్చుకున్నాం. ఆరూ యాభైకి తోటకూర ఆకులు ముడిచే పురుగు రెక్కలతో వచ్చింది. ముదురు గోధుమ రంగు మీద తెల్లటి అడ్డపట్టీ, గోరంత ఉంటుంది. ఆ తర్వాత వానలా పడ్డాయి.

అక్కడే నేను ఊహించనిది జరిగింది. నేను పుస్తకం పేర్లు గుర్తు చేసుకుంటుంటే, గుడ్డ మీద తెల్లటి చిన్నది ఒకటి తోక పైకెత్తి, ఒళ్ళు విల్లులా వంచి కూర్చుంది. రెక్కల మీద ఇటుక రంగు మచ్చలు. ‘ఇది వంకాయ తొలిచే పురుగు నాన్నా’ అన్నాను. నాన్న వంగి చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళుగా వంగ మడిలో మొవ్వులు వాలిపోతే తుంచి పారేసిన మనిషి. అమ్మ వంకాయ కోసిన ప్రతిసారీ లోపల గులాబీ రంగు పురుగుందేమోనని చూసే ఇల్లు. దాని రెక్కలు మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదట. ‘ఇంత చక్కగా ఉంటుందా’ అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

అక్కడి నుంచి ఇద్దరం కలిసి చదవడం మొదలైంది. నాకు రెక్కలు తెలుసు, ఆయనకి పిల్ల పురుగులు తెలుసు. బూడిద రంగు రెక్క కొసన తెల్ల మచ్చ ఉన్నదాన్ని చూపించి కత్తెర పురుగు మగది అంటే, ‘తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర నాలుగు చుక్కలు, అదేనా?’ అని అడిగాడు. అదే. 2018లో మన దేశంలో అడుగుపెట్టి, మొక్కజొన్న సుడుల్లో చేరి రైతుల్ని ఏడిపించింది అదే. గోధుమ రంగు మీద తెల్ల గీతలు అటూ ఇటూ గీసినట్టున్నది పొగాకు లద్దె పురుగు. ముందు రెక్కలు మామూలు మట్టి రంగులో ఉండి, కాస్త కదలగానే వెనక రెక్కలు నలుపు తెలుపుగా మెరిసినది ఆముదం నామాల పురుగు. దాని పిల్ల పురుగు ఒంటి మీద నామాల్లాంటి చారలుంటాయని ఆ పేరు. దోసపాదు ఆకులు తినే పురుగు రెక్కలు గాజుకాగితంలా తెల్లగా, నల్ల అంచుతో, తోక కొసన కుచ్చు. ఆ కుచ్చుని విసనకర్రలా ఊపుతూనే ఉంది. మా వాడు దాన్ని చూస్తూ రెండు గీతలు రాయడం మర్చిపోయాడు. తెలుపు మీద ఎరుపు, నలుపు చుక్కలున్న ఇంకోటి జనుము మీద పెరుగుతుంది. నాన్న పచ్చిరొట్టకి జనుము చల్లినప్పుడు కాయల దగ్గర చూసిన వెంట్రుకల పురుగు ఇదే.

నాన్న అడిగింది మాత్రం రాలేదు. మామిడికాయ తొలిచే పురుగు రెక్కలు ఎలా ఉంటాయో చూపించమన్నాడు. మా జిల్లాల్లో మామిడి రైతుకి అది పెద్ద బెడద. తర్వాత పెట్టిన రాత్రులతో కలిపి నాలుగు రాత్రుల్లో ఒక్కటీ రాలేదు. అది రాలేదు అని కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఎనిమిదీ నలభైకి ఊరంతా కరెంటు పోయింది.

మెర్క్యురీ బల్బు ఆరిపోయింది. బకెట్టు మీద యూవీ పట్టీ మాత్రం పవర్ బ్యాంకు కాబట్టి వెలుగుతూనే ఉంది. ఊరు చీకటి, ఆకాశం చీకటి, మా తోటలో ఊదా రంగు వెలుగు, పక్కనే సబ్బు పెట్టి ఉతికిన తెల్ల పంచె ఆ వెలుగుకి నీలంగా మెరుస్తూ ఉంది. అమావాస్య రాత్రి. ఫ్యాన్లు ఆగిపోయి జనం వీధుల్లోకి వచ్చి కూర్చునే వేళ. ఇదంతా నాకు తర్వాత తట్టింది. పది నిమిషాల్లో గట్టు మీద టార్చి లైట్లు కనపడ్డాయి. పదిహేనుమంది దాకా ఉంటారు, కొందరి చేతుల్లో కర్రలు. వెనక నుంచి ఎవరో చిల్లంగి అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది.

మా వైపు ఆ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాం. నా కాళ్ళు చల్లబడ్డాయి. మేనల్లుణ్ణి వెనక్కి లాక్కున్నాను. నాన్న ముందుకెళ్ళి నిలబడ్డాడు.

‘అమాస రేత్రి తెల్లగుడ్డ కట్టి ఈ దీపాలేటి బావా? ఏటి సేస్తన్నారు?’ అన్నాడు ముందున్నాయన. వరసకి నాన్నకి బామ్మర్ది అవుతాడు.

‘నా కూతురు పురుగుల లెక్క రాస్తంది. రా, సూడు’ అన్నాడు నాన్న. ఇంకేం వివరించలేదు. వంకాయ పురుగు ఉన్న చోటికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. టార్చి వేసి చూపించాడు. ఆయనా వంగ పండించే మనిషే. కర్ర చెట్టుకి ఆనించి, చుట్ట ఆర్పి వంగాడు. ‘ఇదా ఆ దొంగది’ అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళూ ముందుకొచ్చారు. తొమ్మిదీ ఇరవై ఐదుకి కరెంటు వచ్చేసరికి సగంమంది పంచె చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. తప్పు నాది. మధ్యాహ్నమే రామమందిరం అరుగు మీద ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఇది చదివి ఎవరైనా దీపం పెట్టాలనుకుంటే, బల్బు కొనక ముందే చెయ్యాల్సిన పని అదే. ఆడవాళ్ళు ఒంటరిగా అసలు పెట్టకండి.

ఇంకో సంగతి, కరెంటు రాగానే మెర్క్యురీ బల్బు వెలగదు. లోపల చల్లబడాలి. మాది ఇంకో ఆరు నిమిషాలు తీసుకుంది, ఆ పైన పూర్తి వెలుగు రావడానికి మరో మూడు నిమిషాలు. పాడైపోయిందనుకుని నేను రెండో బల్బు పెట్టె విప్పేశాను కూడా. వేడి బల్బు మీద నీటి చుక్క పడినా పగలొచ్చు. పై గాజు పగిలినా వెలుగుతూ ఉంటే దాని దగ్గరికి పోకూడదు, కంటికీ ఒంటికీ ప్రమాదం.

పదిన్నర దాకా ఊరి పిల్లలు ఉన్నారు. వాళ్ళు చూసి చెప్పాకే నేను గమనించింది ఒకటుంది. బకెట్టు వెలుగు నేలకి దగ్గరగా ఉంది. దాని పైనుంచి ఎగిరే మాత్‌లు గాల్లోనే తిరగబడి వెల్లకిలా పడుతున్నాయి. గుడ్డ దగ్గర, ఎత్తున ఉన్న బల్బు దగ్గర అలా లేదు. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో రాసిందే ఇది. పురుగులు దీపాన్ని కోరి రావట, రాత్రి ఎగిరేటప్పుడు వెలుగున్న వైపుకి వీపు తిప్పుకుంటాయట. ఆకాశం పైన ఉన్నంతకాలం అది సరిగ్గానే పనిచేస్తుంది. మనం దీపం పక్కన పెడితే దాని చుట్టూ తిరుగుతాయి, కింద పెడితే తిరగబడతాయి. చదివినప్పుడు తలకెక్కలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల వేలు పెట్టి చూపిస్తే ఎక్కింది. బకెట్టుని ఇటుకా పళ్ళెంతో సహా ఎత్తు బల్ల మీదకి మార్చాం.

పదకొండున్నరకి అన్నీ ఆపేశాను. రాత్రంతా వెలిగించి ఉంచితే వాటికి ఆ రాత్రి వృథా, జత కట్టడానికీ గుడ్లు పెట్టడానికీ వాటికి ఉన్నవే కొద్ది రాత్రులు. మళ్ళీ మూడింటికి లేచాను. ఈసారి అమ్మ వచ్చింది తోడు, శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో టీతో. నిద్రొస్తోంది, మెడ మంటగా ఉంది, ఎందుకొచ్చిన పని అనిపించిన గంట అది.

మూడూ నలభైకి ఏదో పిట్టంత చప్పుడుతో వచ్చి పంచెకి కొట్టుకుంది. వాలాక చూస్తే ఆకుపచ్చ. ఒక ఆకుపచ్చ కాదు, లేత మామిడాకు, ముదురు మామిడాకు, మధ్యలో గులాబీ, తెలుపు తీగలు, అన్నీ రాయిలో చారల్లా కలిసిపోయి ఉన్నాయి. నా అరచేతిలో సగం ఉంది. గన్నేరు మాత్. ఫొటోల్లో వందసార్లు చూసి ఉంటాను, ఎదురుగా ఇదే మొదటిసారి. ఎగిరే ముందు ఒళ్ళు వేడెక్కించుకుంటూ రెక్కలు వణికించింది. ఆ వణుకుకి పంచె కూడా సన్నగా వణికింది. చెయ్యి ఆనించి నేనూ చూశాను.

‘ఇది దేని మీద ఉంటుందే?’ అంది అమ్మ.

‘గన్నేరు, నందివర్ధనం మీద.’

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘తోకకి చిన్న కొమ్ము, మెడ దగ్గర రెండు నీలి కళ్ళు ఉంటాయి, అదా?’ అంది. పూజకి పువ్వులు కోసేటప్పుడు ఏళ్ళ తరబడి నందివర్ధనం చెట్టు నుంచి కర్రతో తీసి పారేసిన పురుగు. ‘అది ఇలా అవుద్దా’ అని రెండుసార్లు అంది. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు.

తెల్లవారకముందే గుడ్డ తీసెయ్యాలి. ఎందుకంటే వెలుగు రాగానే గోరింకలు, ఏట్రింతలు వచ్చి గుడ్డ మీద ఉన్నవాటిని ఫలహారం చేస్తాయి. నాలుగూ ముప్పావుకి పంచె మెల్లగా దులిపి, గుడ్ల అట్టల్లోవాటిని ఒక్కొక్కటే చూసి రాసుకుని, కంచె పక్క పొదల్లో లోపలికి వదిలాం. గన్నేరు మాత్ అంతకు ముందే వెళ్ళిపోయింది. ఆ రాత్రి లెక్క 214, నేను వేరుగా గుర్తుపట్టినవి 47 రకాలు. ఉగాది పచ్చడి తింటూ నిద్రపోయాను అంటే అతిశయోక్తి కాదు, వేపపువ్వు చేదు కూడా తెలియలేదు.

మెడ మంట సంగతి. గుడ్డ దగ్గర ఎరుపు, నలుపు పట్టీలతో సన్నగా చీమలాంటి పురుగు మెడ మీద పాకితే అనుకోకుండా నలిపేశాను. అది కుట్టదు, నలిగితే దాని ఒంట్లో రసం చర్మాన్ని కాలుస్తుంది. ఆ రాత్రికి మంటే. ఉగాది మర్నాటికి గీతలా బొబ్బలెక్కింది. డాక్టరు ఇచ్చిన పూత మందుకి 85 రూపాయలు, మచ్చ తగ్గడానికి తొమ్మిది రోజులు. ఒంటి మీద ఏది వాలినా నలపకుండా ఊదెయ్యండి. సబ్బుతో వెంటనే కడుక్కుని ఉంటే ఇంత అయ్యేది కాదని డాక్టరు అన్నారు.

అసలు కష్టం రాత్రి కాదు, తర్వాతే. 600 పైగా ఫొటోలు. స్కేలు ముక్క పక్కన పెట్టి తీసినవి పనికొచ్చాయి, స్కేలు లేనివాటికి ‘ఎంత పెద్దది?’ అన్న ప్రశ్నే ఎదురైంది. ఫ్లాషు వేసినవి సగం తెల్లగా మెరిసిపోయి రెక్క గీతలు కనపడకుండా పోయాయి. టార్చిని పక్క నుంచి పట్టించి తీసినవే బాగా వచ్చాయి. ఏప్రిల్ 1 నుంచి రోజూ ఆఫీసు అయ్యాక ఇరవై చొప్పున పెట్టాను. ఫోన్ చూపించే మొదటి పేరుని నమ్మి పెట్టేయకూడదని మొదటి రోజే తెలిసింది, ఒకదానికి ఎక్కడో అమెరికాలో తిరిగే జాతి పేరు చూపించింది. గన్నేరు మాత్‌కి ఇరవై నిమిషాల్లో ఇద్దరు అవునన్నారు. మిగతావాటికి రోజులు, వారాలు. రాత్రి నిద్రపోయే ముందు, లేవగానే ఫోన్ చూసుకోవడం అలవాటైపోయింది.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది మామిడాకు మీద బతికే ఒక పచ్చటి నాజూకు మాత్ మీద. గుడ్డ మీద రెక్కలు పూర్తిగా పరిచి, అతికించిన ఆకులా కూర్చుంది. మా తోటదే కదా, దీని పేరు పూర్తిగా తెలియాలనిపించింది. పన్నెండు రోజులకి జవాబొచ్చింది. థలసోడెస్ అనే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, లేదా దాని దగ్గరి చుట్టం, అంతవరకే. ఆ గుంపులో పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. పొట్ట చివరి భాగాలు కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప జాతి చెప్పలేమన్నారు. అంటే చంపాలి. నేను చంపను. కాబట్టి నా నోటుబుక్కులో దాని పేరు సగమే ఉంటుంది. మొదట బాధేసింది, ఇప్పుడు లేదు. తెలియనిది తెలియదని రాయడం కూడా రికార్డే కదా.

ఏప్రిల్ 12 శనివారం చైత్ర పౌర్ణమి. అదే చోటు, అదే పంచె, అదే బల్బు, ఆరున్నర నుంచి పదకొండున్నర, మళ్ళీ మూడు నుంచి నాలుగూ ముప్పావు. ముందు రోజు మళ్ళీ బకెట్టుతో ఒక రాత్రి గడిపాం, దాంతో మొత్తం నాలుగు. పౌర్ణమి లెక్క 61, రకాలు 22. వెన్నెల్లో పంచె వెలుగు వెలవెలబోయింది. గాలి కూడా కొంచెం ఉంది కాబట్టి అంతా చందమామ మీదకే నెట్టలేను. మా వాడు నిరాశపడి ఎనిమిదికే నిద్రపోయాడు. నేను మాత్రం ప్రతి అరగంటకీ లేచి చూశాను. రానివి ఎన్నో తెలియాలన్నా అంతే ఓపిగ్గా కూర్చోవాలి మరి.

నిన్నటికి, ఏప్రిల్ 23కి, అమావాస్య నాటి 47 రకాల్లో 19కి జాతి పేరు దాకా వచ్చింది. 11 ప్రజాతి దగ్గర, 9 కుటుంబం దగ్గర ఆగాయి. మిగతా 8 చిన్నవి, వడ్లగింజంత, వాటిని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

నిన్న రాత్రే నాన్న ఫోన్ చేశాడు. నందివర్ధనం మీద నీలి కళ్ళ పురుగులు మూడు ఉన్నాయట. అమ్మ వాటిని తీయనివ్వట్లేదట, పూజకి ఆ కొమ్మ వదిలేసి పక్క కొమ్మ పువ్వులు కోస్తోందట. ఆదివారం మళ్ళీ అమావాస్య. శనివారమే దీపం పెడదామని, రామమందిరం దగ్గర ముందే చెప్పి ఉంచానని అన్నాడు. ఎనిమిదిమంది పిల్లలు వస్తామన్నారట. యూవీ అద్దాలు మా దగ్గర ఒక్క జతే ఉంది. రేపు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ షాపుకి వెళ్ళాలి.